అత్త లేని గురువారం

మా అల్లుడి పేరు నేను పలకను. మా ఆదివాసుల్లో అత్త అల్లుడి పేరెత్తదు, మొహం చూడదు, పలకరించదు. అల్లుడూ అంతే. ఎదురుపడితే ఇద్దరిలో ఒకళ్ళు పక్కకి తప్పుకోవాలి. ఇందులో కోపం లేదు, తగువు లేదు. మర్యాద, అంతే. అందుకని ఇదంతా చెప్తున్నంతసేపూ అతన్ని "మా రెనీటా మొగుడు" అనే అంటాను. వినడానికి విసుగ్గా ఉంటే సర్దుకోండి. కొత్త అలవాట్లు నేర్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు.

ఆ ఏడు చలి మొదలై ఫుట్‌బాల్ ఆటలు వచ్చేసరికి సెవెన్‌మైల్ బోర్ అనే మా ఎడారి ఊరి క్లినిక్‌లో నా ఉద్యోగానికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండాయి. ఈలోగా ఎంతమంది నర్సులొచ్చారో, ఎంతమంది పోయారో నాకే గుర్తు లేదు. వచ్చిన ప్రతి మనిషీ గోడకో కొత్త పోస్టరు అంటిస్తుంది. పళ్ళు తినండి, నడవండి, తీపి మానండి. ఆ రంగులు వెలిసేలోపే ఆవిడ బదిలీ అయిపోతుంది. నేనుంటాను. పొద్దున్నే తాళం తీయడం, బెంచీలు తుడవడం, వచ్చినవాళ్ళ బరువు చూడడం, కూల్‌డ్రింకులు మానవే తల్లీ అని చెప్పడం. ఆ పిల్ల "సరే పిన్నీ" అని బయటికి పోయి, ఎదురు కొట్లో రెండు లీటర్ల సీసా కొనుక్కుని, నాకు కనబడకుండా చొక్కా కింద పెట్టుకుని పోతుంది. చొక్కా కింద రెండు లీటర్ల సీసా కనబడకుండా ఉంటుందా? ఒకప్పుడు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత నవ్వొచ్చేది. ఆ ఏడు అదీ రావడం మానేసింది.

అప్పటి నర్సు పేరు ఫ్రీడా. ముప్ఫై ఏళ్ళ తెల్లపిల్ల, మనిషి మంచిదే, కాస్త తొందరెక్కువ.

"మావిస్, రోగం ముదిరాక మందులిచ్చి లాభం లేదు. పదహారు నుంచి పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళని ఇప్పుడే పట్టుకోవాలి" అంది.

"పట్టుకో తల్లీ, వాళ్ళ వెంట పరిగెత్తగలిగితే" అన్నాను.

చివరికి పట్టుకున్నది క్లారీ. మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ ఆయనే. రెనీటా మొగుడికి స్వయానా మేనమామ, పెంచిన మనిషి. అంటే నాకు వియ్యంకుడి కింద లెక్క, నన్ను వదినా అంటాడు. ఆయన భార్య ఐవీకి షుగరుతో కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు ఆలిస్ స్ప్రింగ్స్‌లో రక్తం కడిగే మిషన్ మీద పడుకోవాలి. మూడేళ్ళుగా ఆ పట్నంలోనే హాస్టల్లో ఒక మంచం మీద బతుకుతోంది. సొంతూరు చూడాలంటే ఒక మిషన్‌కీ ఇంకో మిషన్‌కీ మధ్య ఒక్క రోజు దొరుకుతుంది. అందులో సగం దారికే పోతుంది. ఆటలున్న రోజు క్లారీ మైదానం పక్కన ఫోను పైకెత్తి పట్టుకుంటే, అవతల ఆవిడ మంచం మీద పడుకుని కుర్రాళ్ళ కేకలు వింటుంది.

ఆ ఏడు మొదటి రోజే క్లారీ జట్టునంతా ఎర్రమట్టిలో వరసగా నిలబెట్టి చెప్పేశాడు. "డబ్బాలో పోస్తేనే జెర్సీ. ఒక చుక్క రక్తం, ఒక డబ్బా ఉచ్చ. కాదన్నవాడు ఇంటికి పోయి వాళ్ళమ్మ దగ్గర పడుకోవచ్చు."

ఆ పరీక్షల రోజు ఎంత అల్లరి! మైదానం పక్క రేకుల షెడ్డులో బల్ల వేశాం. మగవాళ్ళ సంగతి చూసుకునేది మెర్విన్, మా క్లినిక్‌లో నా తోటి ఉద్యోగి. నా పని పేర్లు రాసుకోవడం, నీళ్ళ సీసాలు పంచడం. కూల్‌డ్రింకు సీసాతో వచ్చినవాడి చేతిలోంచి క్లారీ దాన్ని లాక్కుని మట్టిలో ఒంపేస్తున్నాడు.

"ఏరా, ఇంతేనా? ఒంటె పిల్లంత ఉన్నావు, డబ్బా అడుగు కూడా తడవలేదు!"

"మామా, నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా వస్తుంది?"

"నీ అందం చూడ్డానికి వచ్చాననుకున్నావా? కానీ, కానీ."

బల్ల మీద పెట్టిన క్లారీ ఫోనులోంచి ఐవీ అరిచింది. "ఎవర్రా ఆ సిగ్గుపడేది? ఇక్కడికి రండి, నా చెయ్యి చూద్దురుగాని. పామంత నరం పైకి లేచింది. దాంట్లో ఇంతింత లావు సూదులు రెండు గుచ్చుతారు. అప్పుడు సిగ్గుపడుదురుగాని!"

కుర్రాళ్ళు నవ్వడం ఆపేశారు. కాసేపే. మళ్ళీ మొదలెట్టారు, వయసు అటువంటిది.

అంతలో ఎవరో "పిన్నీ, లే లే" అన్నారు. రెనీటా మొగుడు వస్తున్నాడన్నమాట. తల మీద కండువా లాక్కుని, లేచి, నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి అటు తిరిగి నిలబడ్డాను. అతనితో పాటు ఇంకొందరు కుర్రాళ్ళు కూడా అప్పుడే బల్ల దగ్గరికి వచ్చారు, మాటల చప్పుడుని బట్టి తెలిసింది. మాకు వరసలు పుట్టుకతోనే వస్తాయి. అతని వరసలో పుట్టిన మగాళ్ళందరికీ, నా కూతుర్ని చేసుకున్నా చేసుకోకపోయినా, నేను అత్తనే. వాళ్ళ పని అయ్యేదాకా ట్యాంకు తుప్పు గోకుతూ నిలబడ్డాను. అయిపోయాక వచ్చి మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఇదేం కొత్త కాదు, ఎవరూ పట్టించుకోరు.

ముప్ఫై ఒక్క మంది. ముప్ఫై ఒక్క జెర్సీలు. ఫ్రీడా సంతోషం పట్టలేక నన్ను వాటేసుకుంది. నా నడుం నొప్పిగా ఉంది, అయినా నవ్వాను.

ఫలితాలు మూడు వారాలకి వచ్చాయి. ఆ వారం ఫ్రీడా సెలవు మీద వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. బదులొచ్చిన నర్సు వారానికి రెండు రోజులే ఉండేది, దెబ్బలకి కట్లు కట్టడానికే ఆవిడకి తీరిక లేదు. మెర్విన్ అంతకు నాలుగు రోజుల ముందే తల్లివైపు వాళ్ళ ఊరు వెళ్ళాడు. అక్కడ పెద్ద చావు. అలాంటి చావుకి వెళ్ళినవాడు పెద్దలు వదిలినప్పుడే వస్తాడు. వారం కావచ్చు, రెండు నెలలు కావచ్చు.

కాగితాలు పంచి పెట్టాల్సింది నేనే. ఫ్రీడా ట్రేలో కొన్ని, ఫైళ్ళలోకి పోవలసినవి కొన్ని. ఒక కాగితం పైన పేరు చూడగానే చెయ్యి దానంతటదే దాన్ని బోర్లా తిప్పేసింది. అంచున ఎర్ర గీత ఒకటి కనబడింది. లోపల ఏముందో చదవలేదు. మా రెనీటా మొగుడి ఒంట్లో ఏముందో నేను చదవడమా! మగవాళ్ళ కాగితం, అందులో సొంత అల్లుడిది. ఎప్పుడూ చేసే పనే చేశాను. మెర్విన్ ట్రేలో పెట్టాను.

మెర్విన్ లేడని నాకు తెలుసు. ఇప్పటికీ నన్ను కాల్చుకు తినేది అదే. తెలిసీ పెట్టాను. దాని చోటు అది కాబట్టి పెట్టాను. ఆ ట్రే మీద దుమ్ము పేరుకుంటే వారానికోసారి తుడిచాను కూడా.

ఆటలు సాగుతున్నాయి. ఆ ఏడు మా వాళ్ళు వరసగా ఆరు గెలిచారు. మూడు గెలిపించింది రెనీటా మొగుడే. నేను మైదానానికి వీపు పెట్టి, ముసలమ్మలతో పాటు నెగడి దగ్గర కూర్చునేదాన్ని. జనం కేకల్ని బట్టే గోలు కొట్టింది ఎవరో తెలిసిపోయేది. "ఏం సన్నబడ్డాడు! ఏం పరుగు! అంతా క్లారీ చలవ!" అని ముసలమ్మలు మురిసిపోతుంటే నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెనీటా మా వాకిట్లో నిప్పులు పక్కకి లాగి, కంగారూ తోకని కాలడానికి వేడి బూడిదలో పాతిపెడుతోంది. నేను రొట్టెల పిండి కలుపుతున్నాను.

"అమ్మా, ఈయన బెల్టుకి మళ్ళీ కొత్త చిల్లు పొడిచాను. నెలలో ఇది రెండోది" అంది.

"పరిగెత్తిస్తున్నాడుగా క్లారీ."

"నీళ్ళు కూడా అట్లాగే తాగుతున్నాడు. కుండ పెట్టడం ఆలస్యం, ఖాళీ. తాగడం, పోయడం, తాగడం, పోయడం. పంపు దగ్గర కాపురం పెట్టినట్టే ఉంది." తనే నవ్వింది.

నా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. దాహం, సన్నబడడం, ఊరికే బయటికి పోవడం. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఊరందరికీ నేను చెప్పే పాఠమే ఇది. పోస్టరు మీద బొమ్మలేసి మరీ చెప్తాను.

"అతన్ని క్లినిక్‌కి పంపవే" అన్నాను.

రెనీటా నిప్పులు సర్దుతూ ఉండిపోయింది. సర్దాల్సినదానికన్నా ఎక్కువే సర్దింది.

"ఫైనల్ అయ్యాక వెళ్తాడులే."

"ఫైనల్‌కీ దీనికీ ఏంటే సంబంధం? రేపే పంపు."

"చెప్తాను అన్నాగా అమ్మా." దాని గొంతు మారింది. "పిండి ఎండిపోతోంది, చూసుకో."

నాకప్పుడు ఆ ట్రేలో కాగితం గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఫ్రీడా సెలవు నుంచి వచ్చేసిందిగా, చూసే ఉంటుందిలే అనుకున్నాను. అలిసిపోయిన మనిషి ఇలాగే అనుకుంటుంది. ఎవరో చూసే ఉంటారు.

ఎవరూ చూడలేదు. ఏడు వారాల తర్వాత ఒక మంగళవారం ఫ్రీడా లెక్క సరిచూసుకుంటూ, "ముప్ఫై ఒకటి పంపాం, ముప్ఫయ్యే ఉన్నాయేంటి" అని క్లినిక్ అంతా వెతకడం మొదలెట్టింది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి మెర్విన్ ట్రే చూపించాను. కాగితం తీసి చదివింది.

"ఇక్కడెవరు పెట్టారు?"

"నేనే."

"మెర్విన్ లేడని తెలిసే?"

"తెలిసే."

తిడుతుందేమో అని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. తిట్టలేదు. కాగితాన్ని గుండెకి ఆనించుకుని కూర్చుంది. "ఇందులో ఏముందో నీకు చెప్పకూడదు" అంది.

"చెప్పొద్దు. నేను వినకూడదు కూడా." నేలకేసి చూస్తూ అడిగాను. "మిషన్ దాకా వచ్చిందా?"

"ఇంకా లేదు. కానీ షుగరుకి కిడ్నీలు దెబ్బతిని ప్రొటీను కారిపోతోంది. ఇరవై మూడేళ్ళకే."

"ఏడు వారాలు ఇక్కడ పడేశాను కదా. ఆ ఏడు వారాల్లో ఎంత పోయుంటుంది?"

ఫ్రీడా తల అడ్డంగా ఊపింది. "ఇది ఏడు వారాల్లో వచ్చింది కాదు మావిస్. ఏళ్ళ పని. మూడేళ్ళ కిందట ఓ చుక్క రక్తం చూసుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఫైలు తీసి చూడు. పదిహేనో ఏట కుక్క కరిస్తే కట్టిన కట్టు, అంతే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఒక్క కాగితం లేదు. క్లినిక్ ఇంటికి రెండొందల అడుగుల దూరం. ఎందుకు రాలేదు?"

"ఏమో" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఫ్రీడా ఆ వారంలో నాలుగుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. ఆవిడ బండి చప్పుడు వినగానే రెనీటా మొగుడు వేటకని పోయేవాడు. ఒకరోజు వాకిట్లోనే దొరికితే, "ఇంటికొచ్చి సూది వేస్తే వేయించుకుంటా, అక్కడికి మాత్రం రాను" అన్నాడట. కానీ ఇంటికొచ్చి ఒక సూది వేస్తే తీరేది కాదు. నెలనెలా రక్తం, బీపీ, పాదాలు, కళ్ళు, మాత్రలు మార్చడం, అన్నీ క్లినిక్‌లోనే. జీవితాంతం.

శుక్రవారం క్లినిక్ మూసే వేళకి క్లారీ వచ్చాడు. లోపలికి రాకుండా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. చక్కెర వేయలేదని మొహం చిట్లించి తాగాడు.

"వదినా, వాడి జెర్సీ లాగేసుకున్నాను" అన్నాడు. "క్లినిక్‌కి వెళ్తావా, ఫైనల్ మానేస్తావా అన్నాను. పది రోజులే ఉంది. వాడు లేకపోతే మనం గెలవం, వాడికీ తెలుసు."

"ఏమన్నాడు?"

"జెర్సీ మడత పెట్టి నా చేతిలో పెట్టాడు."

"అంత మొండా?"

క్లారీ మిగిలిన టీ మట్టిలో ఒంపేశాడు.

"మొండి కాదు. ఈ క్లినిక్‌కి వాకిలి ఒక్కటే వదినా. వాకిట్లోకి రాగానే ఒక బల్ల. బల్ల దగ్గర నువ్వు."

మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"అతనొక్కడేనా?"

క్లారీ ఖాళీ కప్పు అటూ ఇటూ తిప్పాడు.

"నిన్నే అడిగేది. అతనొక్కడేనా?"

"ఫైళ్ళు నీ దగ్గరే ఉంటాయిగా" అన్నాడు నెమ్మదిగా.

"అందరికీ తెలుసా ఇది?"

"తెలుసు."

"రెనీటాకి?"

"తెలుసు."

"మరి ఇరవై ఒక్క ఏళ్ళలో నాకు ఒక్కళ్ళు చెప్పలేదేం? నోళ్ళు పడిపోయాయా మీకు?"

"ఎలా చెప్తాం!" క్లారీ గొంతు కూడా లేచింది. "ఊరంతా పడుకునుండగా వచ్చి తాళం తీస్తావు. మా ఐవీని మొదటిసారి ఆలిస్‌కి తీసుకెళ్ళింది నువ్వు. మా అమ్మ కాళ్ళకి కట్లు కట్టింది నువ్వు. నీ మొహం మీద ఎవడు చెప్తాడు, నువ్వున్నావు కాబట్టే కుర్రాళ్ళు రావట్లేదని? సిగ్గుగా ఉండదూ? ఇప్పుడైనా నేను చెప్పేవాణ్ని కాదు. నిన్న ఐవీ ఫోనులో దులిపేసింది. 'నువ్వు చెప్తావా, నన్ను ఈ సూదులు పీక్కుని రమ్మంటావా' అంది."

కప్పు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లోపలికి వెళ్ళి బీరువాలు తీశాను. పేర్లు పైకి చదవలేదు, చదవనక్కర్లేదు, ఎవరు ఏ వరసో నాకు తెలుసు. అల్లుడి వరస మగాళ్ళ ఫైళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. పద్నాలుగు. మిగతావాళ్ళవి చేతికి బరువుగా తగులుతాయి. ఇవి తేలిగ్గా ఉన్నాయి. చిన్నప్పటి టీకాలు, చెవి నొప్పులు, గజ్జి. ఈడొచ్చి మగవాళ్ళలో కలిసిన ఏడుతో, అత్త మొహం చూడకూడని ఏడుతో ఆగిపోయాయి. ఆటగాళ్ళ వాటిలో ఈ ఏటి పరీక్ష కాగితం తప్ప, ప్రతి ఫైలూ అక్కడే.

పదిహేనోది బీరువాలో లేదు. చనిపోయినవాళ్ళ ఫైళ్ళ పెట్టెలో ఉంది. కిందటేడు పోయిన కుర్రాడిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, గుండె ఆగిపోయింది. బండి నడుపుతూ నడుపుతూ పక్కకి ఒరిగాడు. అతనికి లోలోపల బీపీ ఉందని ఎవరికీ తెలియదన్నారు అప్పుడు. ఎవరూ ఎప్పుడూ చూడలేదు కాబట్టి తెలియదు. ఆ పెట్టె తెరవలేదు. దాని మీద చెయ్యేసి నిలబడి ఏడ్చాను. ఎవరి మీద ఏడవాలో కూడా తెలియలేదు. మా పద్ధతి మీదా? అది లేకపోతే మేమెవరం? ఉద్యోగం మీదా? అదీ మంచి పనేగా. రెండు మంచిపనుల మధ్య పడి పోయాడు పిల్లాడు.

సోమవారం పొద్దున ఫ్రీడాకి చెప్పాను. మానేస్తానన్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వద్దు మావిస్. ముసలమ్మలు నువ్వుంటేనే వస్తారు. పసిపిల్లల తల్లులు నీతోనే మాట్లాడతారు. వెనక వైపు మగవాళ్ళకి వేరే తలుపు పెట్టమని పైకి రాస్తాను."

"గోడకి తలుపు పెట్టడానికి మీ పైవాళ్ళకి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆలోచించింది. "ఏడాది... రెండేళ్ళు."

"అంతదాకా అతని కిడ్నీలు ఆగుతాయా?"

ఫ్రీడా క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టింది.

"గురువారాలు నేను రాను" అన్నాను. "ఊళ్ళోనే ఉండను. మెర్విన్ బుధవారం దిగుతున్నాడుగా, గురువారం మీరిద్దరూ ఉండండి. ఎవరైనా వస్తే సరే, రాకపోతే బెంచీలు తుడుచుకోండి."

ఇంటికెళ్ళి రెనీటాతో కూడా అంతే చెప్పాను. "గురువారం నేను క్లినిక్‌లో ఉండను. ఎండిపోయిన ఏరు దగ్గరికి కట్టెలకి పోతాను. చీకటి పడేదాకా రాను."

"ఏ గురువారం?"

"అన్ని గురువారాలూ."

అది నన్ను చూసింది. దానికి ముక్కు ఎర్రబడింది. "అమ్మా, నేను చెబ్దామనే..."

"చెప్పినా వినేదాన్ని కాదేమోలే. నా క్లినిక్, నా బల్ల అని ఎగిరి పడేదాన్ని. పో, పోయి చెప్పు అతనికి."

మొదటి గురువారం కన్నా కష్టమైన రోజు నా ఉద్యోగంలో లేదు. ఏటి ఇసుకలో ఊరి వైపు వీపు పెట్టి కూర్చున్నాను. కట్టెలు ఏరడం గంటలో అయిపోయింది. తర్వాత ఏం చెయ్యాలి? పని చేసి అలిసిపోవడం తెలుసు గానీ, పని మానుకుని ఇంత అలిసిపోతారని తెలియదు. క్లినిక్ తాళాలగుత్తి ఫ్రీడాకి ఇచ్చేశాను. అయినా చెయ్యి మాటిమాటికీ నడుం దగ్గరికి పోతోంది.

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఫ్రీడా బల్ల మీద తల పెట్టుకుని ఉంది. బెంచీల మీద ఎర్రమట్టి.

"ఆరుగురు" అంది తల ఎత్తకుండానే. తర్వాత ఎత్తింది. "అందరికన్నా ముందు వచ్చింది ఎవరో నువ్వు అడగకూడదు, నేను చెప్పకూడదు. కానీ వచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు. మాత్రలు పట్టుకెళ్ళాడు. సగానికి పైనే ఉన్నాయి మావిస్, కిడ్నీలు. జాగ్రత్తగా ఉంటే ఇరవై ఏళ్ళు మిషన్ మొహం చూడకుండా ఉండొచ్చు. ఇంకా ఎక్కువే ఉండొచ్చు."

"ఉండొచ్చు" అన్నాను నేనూ. ఆ మాట ఎంతమంది రోగులకి చెప్పుంటానో. బెంచీలు తుడవడం మొదలెట్టాను.

ఫైనల్ ఓడిపోయాం, రెండే రెండు పాయింట్లతో. రెనీటా మొగుడు ఆడాడు. క్లారీ జెర్సీ తిరిగిచ్చాడు, కానీ ఆ మాత్రలు పడక అతను నాలుగు భాగాల ఆటలో మూడో భాగంలోనే బయటికి వచ్చేశాడు. ఫోనులో ఐవీ, "ఓడితే ఓడారు, వాణ్ని కూర్చోబెట్టి నీళ్ళివ్వండి, వెధవల్లారా!" అని అరవడం నెగడి దగ్గర నాక్కూడా వినబడింది. కోపంతో కొందరు వారం రోజులు క్లారీతో మాట్లాడలేదు.

చలి పోయి ఎండ ముదిరింది. ఏటి ఇసుక పది గంటలకల్లా కాలిపోతోంది. అయిదో గురువారమో, ఆరో గురువారమో, గుర్తు లేదు. నీళ్ళ డబ్బా మోసుకుంటూ నేను కూర్చునే చోటికి వెళ్ళేసరికి అక్కడ ఒక పందిరి ఉంది. నాలుగు గుంజలు పాతి, పైన పచ్చి కొమ్మలు మందంగా కప్పి ఉన్నాయి. ఆకులింకా వాడలేదు. నరికి గంటో రెండు గంటలో అయి ఉంటుంది. కూర్చునే చోట ఇసుకలో రాళ్ళు ఏరేసి చదును చేశారు.

చుట్టూ అడుగులు. మొహాలు చూడకూడదు గానీ, అడుగులు చూడడానికి ఏ పద్ధతీ అడ్డు చెప్పదు. పసితనంలో మా వాకిట్లో పాకిన పాదాలు అవి, ఎవరివేవో నాకు తెలియవా! కుడికాలు కాస్త లోపలికి తిప్పి నడిచేది ఒకటి. బొటనవేలు లేనిది ఒకటి. మడమ గట్టిగా నొక్కి వేసేవి మా రెనీటా మొగుడివి. గుంజలు పాతిన నాలుగు చోట్లా ఉన్నాయి అతని అడుగులు. ఒక్కొక్కళ్ళవే చూసుకుంటూ పందిరి చుట్టూ తిరిగాను. పద్నాలుగు జతలు. అన్నీ కలిసి వచ్చి, అన్నీ కలిసి తిరిగి వెళ్ళాయి. ఒడ్డెక్కి చూశాను. ఇళ్ళ వైపు తిరగలేదు, తిన్నగా క్లినిక్ దారి పట్టాయి.

పందిరి కింద కూర్చున్నాను. నీడ చల్లగా ఉంది. పదిహేనో జత కోసం కళ్ళు ఇసుకంతా వెతుకుతూనే ఉన్నాయి, ఎంత వద్దన్నా ఆగలేదు. కాసేపటికి ఆగాయి. ఊరి వైపు వీపు పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను.